దీవెన అయ్యాక మా వంతు

బూబూసరా అక్క పేరెత్తితే మా కొండ ఊరు చోన్సాయ్‌లో ముందుగా వినిపించేవి ఫిర్యాదులే. ఒక చలికాలం ఆమె బడి ఆవరణలో నీళ్ళు పట్టించి, అవి గడ్డకట్టాక పిల్లల్ని దానిమీద జారుతూ ఆడుకోమంది. ఆ నీళ్ళు గేటు కిందనుంచి వీధిలోకి పారడంతో మర్నాడు రొట్టెల కొట్టు ముందు సగం ఊరు నడుం విరగ్గొట్టుకుంది. ఇంకో వేసవిలో స్నానాలశాల గోడమీద సినిమాలు వేయించింది. ఆ మోతకి తన ఆవు పాలివ్వడం మానేసిందని ఒకాయన దాన్ని తోలుకొచ్చి పురపాలక కార్యాలయం మెట్లకి కట్టేసి పోయాడు. పింఛనుదారుల కోసం నాట్య సాయంత్రాలు పెడితే, ముగ్గురు ముసలమ్మలు వచ్చి కుర్చీల్లో కూర్చుని మేజోళ్ళు అల్లుకుని వెళ్ళారు.

ఇవన్నీ నిజమే, నేను కాదనను. అయినా ఆమె గురించి చెప్పే వంతు నాకు వస్తే మాత్రం కృతజ్ఞత చెప్పుకునే మొదలుపెడతాను. ఆవిడ లేకపోతే నేను ఈ ఊళ్ళో టీనీళ్ళు కాచే సమోవార్ పక్కన ఇంకో సమోవార్‌లా మిగిలిపోయేదాన్ని.

ఆమె ఉద్యోగం చిత్రమైనది. ఊరి జనం పని లేనప్పుడు ఏం చేస్తే బాగుంటుందో ఆలోచించడం ఆమె పని. ఆటలు, పోటీలు, పండగ కచేరీలు, పార్కులో బల్లలు, పిల్లల ఉయ్యాలలు, అన్నీ ఆమె చేతిమీదుగానే జరగాలి. పురపాలక కార్యాలయంలో మెట్ల కింద గది ఇచ్చారు. ఎవరు పైకెక్కినా నెత్తిమీద దుమ్ము రాలేది. "నాకు ఊరి రాకపోకలన్నీ జుట్టులోనే తెలుస్తాయి" అనేది.

గొర్రెల కాపరి కూతురు. వేసవులన్నీ కొండమీద మేత మైదానంలో, ఉన్ని ఒత్తి చేసిన ఫెల్టు గుడారంలో పెరిగింది. రాజధానిలో చదువుకుని, తిరిగొచ్చి ఊరి సాంస్కృతిక భవనంలో చేరింది. తర్వాత సోవియట్ రోజులు పోయాయి, జీతాలు పోయాయి, పొయ్యిలోకి బొగ్గూ పోయింది. ఆ చలికాలం జనం భవనంలోకి దూరి నాట్యవేదిక పలకలు ఊడదీసుకుపోయి ఇళ్ళలో మంట వేసుకున్నారు. ఎవరెవరు తీసుకెళ్ళారో ఆమెకు తెలుసు. ఒక్కరినీ అడగలేదు. "ఆ చెక్క అలా కూడా జనానికి వెచ్చదనమే ఇచ్చింది కదే" అని నాతో ఒకసారి అంది. చదరంగం బల్లలు మాత్రం తన ఇంటికి మోసుకుపోయింది. వాళ్ళాయన కేరిమ్‌కుల్ కరెంటు పనివాడు. కాళ్ళు చాపుకోవడానికి చోటులేదని గొణుగుతూనే పిల్లలకి ఎత్తులు నేర్పేవాడట. ఆయన పోయాక కూడా ఆ పిల్లలు చాలాకాలం ఆ ఇంటికే వచ్చారు.

ఇక నా సంగతి. నా పేరు బత్మా. సరస్సు అవతలి ఊరినుంచి ఇక్కడికి కోడలిగా వచ్చాను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో వాలీబాల్ జట్టుకి నేనే నాయకురాలిని. పెళ్ళిపెట్టెలో దుప్పట్ల మధ్య గాలి తీసిన బంతి కూడా పెట్టుకొచ్చాను. మా ఆయన మినీబస్సు నడుపుతాడు, పొద్దున్నే పోతే రాత్రికే రాక. మామగారు ముకాష్ మాట తక్కువ మనిషి. నాతో ఆయన మాట్లాడిన మాటలు రెండే: "టీ", "ఆవు". ఒకటి పొయ్యమని, రెండోది పితకమని. అత్తగారు మంచిదే, కానీ ఆమెకి చెవుడు. నాకు ఊళ్ళో ఒక్క స్నేహితురాలు లేదు. సాయంత్రాలు పశువుల పాకలో నిలబడి గోడకేసి అరచేతులతో ఊరికే కొట్టేదాన్ని, బంతి లేకుండానే. ఆవు నావైపు జాలిగా చూసేది.

అప్పుడు బూబూసరా అక్క పాత పండ్ల డబ్బాల ఫ్యాక్టరీ వెనక పడివున్న ఖాళీ స్థలం మీద కన్నేసింది. వాగు పక్కన, పాప్లార్ చెట్ల నీడలో మంచి చోటు. కార్యాలయం చుట్టూ తిరిగి తిరిగి అనుమతి తెచ్చింది. తర్వాత ఊరందరినీ చేతిసాయానికి పిలిచింది. మా దగ్గర ఇల్లు కట్టినా, కాలవ తవ్వినా పిలిస్తే అందరూ వస్తారు. పార తెచ్చినవాళ్ళు పార తెచ్చారు, గొర్రె తెచ్చినవాళ్ళు గొర్రె తెచ్చారు. రాళ్ళు ఏరి, నేల చదును చేసి, మధ్యలో వాలీబాల్ కోర్టు, ఒక పక్క ఉయ్యాలలు, ఇంకో పక్క పెద్దలు గొర్రె చీలమండ ఎముకలతో ఆడుకునే గుండ్రటి బరి ఏర్పాటు చేశారు. సాయంత్రాలు ఆడవాళ్ళ కోసమని ఆమె తన పథకంలో ముందే రాసిపెట్టింది. ఆ మాట విని నేను బంతికి గాలి కొట్టించాను.

పెద్దల బల్లని ఎక్కడ వెయ్యాలో మాత్రం ఆమె ఎవరినీ అడగలేదు. అడగాల్సిన అవసరమేముంది? మా ఇళ్ళలో గుమ్మానికి ఎదురుగా, లోపలి గోడ దగ్గర ఉండేదే పెద్దల చోటు. అక్కడ దుప్పట్లు ఎత్తుగా పరుస్తారు, ఎంత పెద్ద అతిథి వచ్చినా అక్కడికే నడిపిస్తారు. అలాగే గేటుకి సరిగ్గా ఎదురుగా, కోర్టుకి అవతల, ఎండ తగిలే గోడవారన పొడుగాటి బల్ల వేయించింది. తెల్ల ఫెల్టు టోపీల పెద్దలంతా బల్ల నిండా కూర్చుంటే స్థలానికే కళ వచ్చింది. వాళ్ళు చాలా సంతోషించారు, పొద్దుటినుంచి పొద్దుగూకే దాకా లేచేవాళ్ళు కాదు.

మొదటి సాయంత్రం నేనూ, పక్కింటి కోడళ్ళు ఇద్దరూ వెళ్ళాం. గేటు దాటగానే ఎదురుగా మామగార్ల వరస కనబడింది. పెద్దవాళ్ళ కంటబడిన కోడలు వాళ్ళకి వందనం చెయ్యకుండా పక్కకి పోకూడదు. చేతులు పొట్టదగ్గర కట్టుకుని, ఒక్కొక్కరి ముందూ మూడుసార్లు వంగాలి. కోర్టు దాటుకుని వెళ్ళి ఆ చివరనుంచి మొదలుపెట్టాం. ప్రతి పెద్దాయనా దీవించాడు, దీవించి ఊరుకుంటే బాగుండును. ఎవరి కోడలివి, మీ నాన్న పేరేంటి, మీ వైపు గడ్డి ఎలా ఉంది, మీ ఆవు ఈనిందా అని అడిగాడు. ఈ చివరకొచ్చేసరికి నడుం పట్టేసింది. ఆఖరున కూర్చున్నది మా మామగారు. వందనం అందుకుని, ఖాళీ కెటిల్ చూపించి, "టీ" అన్నారు. ఆడుకోవడానికి వెళ్ళిన ముగ్గురం ఆ సాయంత్రం నీళ్ళు కాచి, టీ పోసి, గిన్నెలు కడిగి ఇంటికొచ్చాం. లోపల వేసుకున్న ట్రాక్ ప్యాంటు లంగా కిందే ఉండిపోయింది. మామగారి ముందు లంగా విప్పి ఎగిరేదెవరు?

రెండోసారి ఎవరూ వెళ్ళలేదు.

బూబూసరా అక్కకి ఏం పాలుపోలేదు. ఇల్లిల్లూ తిరిగి ఎందుకు రావట్లేదని అడిగింది. ఒకామె తీరికలేదంది, ఒకామె మోకాళ్ళ నొప్పులంది, ఒకామె అసలు ఆటలంటేనే ఇష్టం లేదంది. ఆ చివరామె పెళ్ళికి ముందు వాళ్ళ కళాశాల జట్టులో ఆడేదట. నిజం చెబితే మామగారిమీద నేరం చెప్పినట్టే కదా, ఎవరు నోరు విప్పుతారు? ఈలోగా పురపాలక సభలో ఎర్నిస్ అనే సభ్యుడు లేచాడు. ఊళ్ళో పెళ్ళి విందులకి సరైన హాలు లేదు, జనం డేరాల కింద వానలో తడుస్తూ తింటున్నారు, ఆ స్థలం హాలుకి ఇచ్చేద్దాం అన్నాడు. ఆడవాళ్ళకీ పిల్లలకీ అని తీసుకున్న చోటులో ముసలాళ్ళు తప్ప ఎవరూ లేరు, ముసలాళ్ళు ఎక్కడైనా కూర్చోగలరు అన్నాడు. ఎర్నిస్ చెడ్డవాడేం కాదు, చెప్పింది అబద్ధమూ కాదు. శరత్కాలంలో ఒక సాయంత్రం వచ్చి స్వయంగా చూస్తామని, అప్పటికీ ఇలాగే ఉంటే స్థలం హాలుకే పోతుందని సభ తేల్చేసింది.

ఆ కబురు తెలిసిన రోజు ఆమె మా పాకలోకి వచ్చి, నేను పాలు పితుకుతుంటే ఎదురుగా బకెట్టు బోర్లించుకుని కూర్చుంది.

"బత్మా, నా దగ్గర కూడా దాస్తావా? నేనేం తప్పు చేశానో చెప్పు. దిద్దుకుంటా. చెప్పకపోతే మాత్రం ఆ చోటు పోతుంది, నీ బంతి మళ్ళీ పెట్టెలోకి పోతుంది."

చెప్పేశాను. వంగిన నడుం గురించి, ఆవు ప్రశ్నల గురించి, కెటిల్ గురించి, లంగా కింద ప్యాంటు గురించి అన్నీ. ఆమె నుదురు కొట్టుకుని, తర్వాత పకపకా నవ్వింది. ఆవు బెదిరి కాలు విసిరింది, పాలు ఒలికాయి. "నేనూ కోడలిగానే కదే వచ్చాను ఈ ఊరికి. మా అత్తగారింట్లో వంగి వంగి నా నడుం ఇప్పటికీ సరిగా నిలబడదు. ఆ సంగతే మర్చిపోయి పెద్దరికం తెలిసినదాన్నని మురిసిపోయాను" అంది.

తెలియడం వేరు, దిద్దడం వేరు. పెద్దల్ని ఆ చోటునుంచి లేపి గేటు పక్కన కూర్చోబెట్టడమంటే ఇంటికొచ్చిన అతిథిని చెప్పుల దగ్గర కూర్చోబెట్టడమే. ఆ అవమానం మూడు తరాలు చెప్పుకుంటారు. సాయంత్రం పూట ఇంటికి పొమ్మనడం అంతకంటే దారుణం. కోడళ్ళ కోసం వెనకవైపు దొంగదారి పెడితే మాకు సిగ్గు. పాము చావాలి, కర్ర విరగకూడదు. ఆమె వారంపాటు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడకుండా తిరిగింది. వీధిలో ఎదురై పలకరించినా వినబడేది కాదు.

తర్వాత ఒక సాయంత్రం ఆమె చేతిలో కెటిల్, సంచిలో వేడి రొట్టెలతో స్థలానికి వెళ్ళింది. పెద్దల ముందు గుడ్డ పరిచి, రొట్టె తుంచి పెట్టి, అందరికీ తనే టీ పోసింది. అందరూ తాగాక వినయంగా చేతులు కట్టుకుని, "ముకాష్ అన్నయ్యా, రొట్టె ముట్టుకున్నాం, దీవించండి" అంది. మా మామగారు అరచేతులు తెరిచి ఊరు చల్లగా ఉండాలని, పశువులు వృద్ధి కావాలని దీవించారు. అందరూ తథాస్తు అన్నట్టు "ఓమీన్" అని అరచేతులతో ముఖాలు నిమురుకున్నారు, నిమురుకుని లేచి నిలబడ్డారు.

మరి లేవకపోతే ఎలా? మా దగ్గర ముగింపు దీవెన అయ్యాక ఎవరూ కూర్చోరు. ఎంత మంచి కబుర్లు సగంలో ఉన్నా, పళ్ళెంలో ఎంత మాంసం మిగిలినా సరే, దీవెన అయిందంటే లేచి ఇంటిదారి పట్టాల్సిందే. పుట్టినప్పటినుంచి ఉన్న అలవాటు కాళ్ళకే తెలుసు. బరిలో ఎముకలు సగం ఆటలో అలాగే ఉండిపోయాయి. పెద్దలంతా గేటుదాకా వచ్చి, అసలు ఎందుకు వచ్చేశామా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. మా మామగారు మాత్రం ఆగి, వెనక్కి తిరిగి, గుడ్డ మడుస్తున్న ఆమెని చాలాసేపు చూశారట.

"రేపు రొట్టెలోకి మీగడ తే బూబూసరా" అన్నారట. "సాగనంపేటప్పుడైనా మంచి టీ పొయ్యాలి."

ఆమె మర్నాడు మీగడ తెచ్చింది. ఆ తర్వాత కూడా రోజూ తెచ్చింది. పెద్దలకి తెలియకనా? ముందు ఒకరిద్దరు గొణిగారు, తర్వాత మీగడ రుచి మరిగారు. దీవెన అయ్యేదాకా మేం సందులో గోడవారన పిల్లల్ని చంకనేసుకుని నిలబడేవాళ్ళం. పెద్దలు బయటికి వస్తుంటే దారిలోనే అందరం కలిసి ఒక్కసారి వంగేవాళ్ళం, వాళ్ళు నడుస్తూనే అందరికీ కలిపి ఒక దీవెన పడేసేవాళ్ళు. ఆవు సంగతి అడిగే తీరిక ఎవరికీ ఉండేది కాదు. చివరి టోపీ మలుపు తిరగగానే లంగాలు పాప్లార్ కొమ్మలకి వేలాడేవి. మొదటిసారి బంతి నా అరచేతికి తగిలి పైకి లేచినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఎవరో ఇసక పడిందా అని అడిగితే అవునన్నాను.

శరత్కాలం వచ్చింది, సభ్యులు చూడటానికి వచ్చే సాయంత్రమూ వచ్చింది. ఎర్నిస్, ఇంకో ఇద్దరు సభ్యులు ముందుగానే వచ్చి, అతిథులు కాబట్టి పెద్దల బల్లమీద మధ్యలో కూర్చున్నారు. మేం ఎప్పటిలాగే సందులో నిలబడ్డాం. గేటు సందులోంచి నాకు బల్ల కనబడుతోంది. బూబూసరా అక్క టీ పోస్తోంది. గిన్నె అడుగున కొద్దిగా పోయడమే మా మర్యాద, మళ్ళీ మళ్ళీ పోయాలన్న ప్రేమ అందులో ఉంటుంది. ఎర్నిస్ తాగుతున్నాడు, గిన్నె చాపుతున్నాడు, మళ్ళీ తాగుతున్నాడు. అతిథి ఇంకా తాగుతుంటే దీవెన ఎత్తకూడదు. మీగడ టీతో దీవెన ఎత్తించే ఉపాయం అతనికి ఎవరో చేరవేసినట్టున్నారు, కావాలనే ఆపట్లేదు. కొండల వెనక్కి పొద్దు జారిపోతోంది.

"ఏరక్కా, మీ ఆడవాళ్ళు?" అని గిన్నె మళ్ళీ చాపుతూ అడిగాడు. "చీకటి పడేదాకా చూస్తాం. తర్వాత మమ్మల్ని అనకు."

ఆమె కెటిల్ వంచి మళ్ళీ పోసింది. మేం లోపలికి వెళ్ళలేం, పెద్దలు లేవలేరు. ఒక పిల్లాడు ఉయ్యాల కావాలని ఏడుపు లంకించుకుంటే వాళ్ళమ్మ నోరు మూసింది. పోయింది మన చోటు అనుకున్నాను. ఆ క్షణంలో నాకు స్థలం గురించి కంటే ఆమె ముఖం గురించే బాధేసింది. అన్నేళ్ళు జనం కోసం తిరిగిన మనిషి, చివరికి ఖాళీ కోర్టు ముందు కెటిల్ పట్టుకుని దోషిలా నిలబడింది.

అప్పుడు మా మామగారు చెయ్యి చాపి ఆమె దగ్గర కెటిల్ తీసుకున్నారు. ఇంట్లో తన గిన్నె కూడా తను నింపుకోని మనిషి. ఎర్నిస్ గిన్నెలో టీ పొయ్యడం మొదలుపెట్టి ఆపలేదు. సగం నిండింది, అంచుదాకా నిండింది, పొర్లి గుడ్డమీదికి కారింది. నిండు గిన్నె పోశారంటే ఇక లేవమని అర్థం. మా దగ్గర అది తెలియని పసివాడు కూడా ఉండడు. ఒక పెద్ద తన చేత్తో అతిథికి అలా పోయడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

"ఈ గిన్నె నిండింది ఎర్నిస్" అన్నారు ఆయన. "మన వంతు కూడా నిండింది. ఇక మా కోడళ్ళ వేళ."

అని అరచేతులు తెరిచారు. పెద్దలంతా తెరిచారు. ఎర్నిస్ ఎర్రబడ్డ ముఖంతో తనూ తెరిచాడు. ఓమీన్ అనగానే అందరూ లేచారు, సభ్యులూ లేచారు. మేం వంగాం, వాళ్ళు దాటారు. పిల్లలు కట్ట తెగిన కాలవలా గేటులోకి పోయారు, వాళ్ళ వెనకే మేం. లోపలికి వెళ్ళాక చూస్తే పెద్దలు ఆ రోజు ఇంటికి పోలేదు. గేటు బయట సందులోనే, మాకు వీపులు పెట్టి వరసగా నిలబడ్డారు. ఎర్నిస్ మెడ తిప్పబోతే మా మామగారు భుజం పట్టి ఆపారు.

"అటు చూడకు బాబూ. మనం చూస్తే వాళ్ళు ఆడరు. చెవులున్నాయిగా, విను."

ఏం విన్నాడో అతనే చెప్పాలి. మేం ఆ రోజు అరిచినట్టు ఎప్పుడూ అరవలేదు. కావాలని అరవలేదు, అరుపులు వాటంతటవే వచ్చాయి. చీకట్లో బంతి కనబడకుండా పోయేదాకా ఆడాం. ఆగి చూసేసరికి సందులో ఎవరూ లేరు. స్థలం జోలికి పోవద్దని, పెళ్ళిహాలుకి ఇంకో చోటు వెతుకుదామని సభలో చెప్పింది ఎర్నిసే. ఆ హాలు తర్వాత బస్టాండు పక్కన కట్టారు, అందులో తడవకుండా మేమూ బోలెడు పెళ్ళిళ్ళు తిన్నాం.

ఆ రాత్రి ఇంట్లో నేను భోజనం గుడ్డ పరుస్తుంటే మామగారు నావైపు చూడకుండా గొంతు సవరించుకున్నారు. టీ అంటారనుకుని కెటిల్ అందుకున్నాను.

"ఎవరు గెలిచారు?" అన్నారు.

మా జట్టేనని చెప్పాను. తల ఊపి రొట్టె తుంచుకున్నారు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక అది ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న. పొద్దున్న సందులో కలుసుకున్నప్పుడు తెలిసింది, పక్కింట్లోనూ అడిగారట, ఆ పక్కింట్లోనూ అడిగారట. ఒకామె తాము ఓడిపోయామని చెబితే వాళ్ళ మామగారు నిద్రపోయేదాకా చిటపటలాడారట.

ఈ మాట చెబుదామని మెట్ల కింద గదికి పరుగెత్తాను. బూబూసరా అక్క పిల్లల స్కేట్లకి తాళ్ళు ఎక్కిస్తోంది. చెప్పడం పూర్తయ్యేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి. పైనుంచి ఎవరో మెట్లు దిగుతుంటే జుట్టుమీద దుమ్ము రాలింది, దులుపుకోలేదు.

"ఇన్నేళ్ళు ఈ ఉద్యోగం చేశాను బత్మా" అంది. "ఎందుకు పెట్టావని అడిగారు, ఎవర్నడిగి పెట్టావని అడిగారు, ఎప్పుడు మూసేస్తావని అడిగారు. ఎవరు గెలిచారని ఇంతవరకూ ఎవరూ అడగలేదే."

చేతిరుమాలుతో కళ్ళు తుడుచుకుని, ముక్కు చీదుకుని, నావైపు కోపంగా చూసింది.

"ఊరికే నిలబడ్డావేం? స్కోరెంతో కూడా చెప్పు."